పడవలో తొమ్మిదో మనిషి

కాలేజీ పడవ జట్టు ఫారంలో "ఈత వచ్చా?" అన్న ప్రశ్న పక్కన నిఖిల టిక్కు పెట్టేసింది. కెనడాకి బయల్దేరిన దగ్గర్నుంచీ ఎన్ని ఫారాలు నింపిందని! అన్నిటికీ యెస్ కొట్టుకుంటూ పోవడమే అలవాటైపోయింది. జగిత్యాల పిల్లకి ఈతెక్కడిది, మోకాలి లోతు నీళ్లున్నా దిగదు.

ఆమెను పడవ పందేల జట్టులోకి లాగింది కెప్టెన్ ఝాన్సీలక్ష్మి. ఆ ఊరి శివారు కనాటాలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, చదువు ఆఖరి సంవత్సరం. "నువ్వు లైట్‌గా ఉన్నావ్, వాయిస్ మాత్రం లౌడ్. మాకు నువ్వే కావాలి," అంది. ఎనిమిది మంది, పడవ వెళ్లే దారికి వీపు పెట్టి తెడ్లు వేస్తారు. ముందు చూసేది, తాడు లాగి చుక్కాని తిప్పేది, అరిచి లయ చెప్పేది తొమ్మిదో మనిషే. ఆ ఏడు ఆ ఊళ్లో మనవాళ్లు వందల్లో దిగారు గానీ, అందరూ షిఫ్టులకు పరిగెత్తేవాళ్లే. కాఫీ షాపు కౌంటరు, బేస్‌మెంట్ గది తప్ప ఏమీ లేని నిఖిలకి ఆ పడవే ఇల్లయింది.

నూట యాభై ఏళ్ల నాటి కాలేజీలో ఆచారాలకేం కొదవ? ఏటా అక్టోబరులో అవతలి ఒడ్డు కాలేజీతో పందెం. గెలిస్తే తొమ్మిదో మనిషి లైఫ్ జాకెట్ ఊడదీసి, కాళ్లూ చేతులూ పట్టుకుని నదిలోకి విసిరెయ్యాలి. ఆ సంగతి నిఖిలకి తెలిసింది పందేనికి వారం ముందు. చెప్పేద్దామని ఐదుసార్లు నోరు తెరిచింది. చెబితే జట్టులోంచి తీసేస్తారు, మళ్లీ ఆ బేస్‌మెంటే గతి. చెప్పకపోతే నది. కక్కలేక మింగలేక చచ్చింది. వాళ్లేమో పదకొండేళ్ల తర్వాత ఈసారి కప్పు మనదే అని గంతులేస్తున్నారు!

పందెం రోజు సగం దూరానికే వీళ్ల పడవ ముందుంది. ఎదురుగా ఝాన్సీ, ఊపిరందక రొప్పుతూ, చూపంతా నిఖిల మీదే పెట్టి తెడ్డు వేస్తోంది. వెనక్కి తిరిగి చూడట్లేదు. అంత నమ్మకం. గెలుపు దగ్గరయ్యే కొద్దీ నిఖిలకి రేవు పక్కన నల్లటి నీళ్లే కనిపిస్తున్నాయి. పాడు భయం, ఎవర్ని మాత్రం మనిషిగా ఉండనిచ్చింది! వంతెన మలుపులో లోపలి ఒడ్డు పట్టుకుని తిప్పాలి. నిఖిల తాడు మీద రెండు వేళ్లు సడలించింది. పడవ వెడల్పుగా తిరిగింది. అవతలివాళ్లు లోపల్నుంచి దూసుకుపోయారు.

సగం పడవ తేడాతో ఓడిపోయారు.

రేవులో నిఖిల తలెత్తలేదు. బతికిపోయానన్న సంతోషమైనా ఉండాలిగా, అదీ లేదు. ఝాన్సీ ఏడుస్తూనే వచ్చి వాటేసుకుంది.

"ఏడవకు నిఖీ. నది కరెంట్ పడవని లాగేసింది అంతే, నీ ఫాల్ట్ కాదు," అని జట్టు వైపు తిరిగింది. "గర్ల్స్! ఓడినా సరే, షీ ఈజ్ అవర్స్! ఈసారి రూల్ బ్రేక్ చేద్దాం!"

అందరూ కన్నీళ్లతోనే నవ్వారు. ఎవరో జాకెట్ విప్పారు, ఎవరో కాళ్లు పట్టుకున్నారు. నిఖిల గాల్లోకి లేచింది.

"అక్కా! వద్దక్కా! నాకు ఈత రాదు!"

"ఫారంలో యెస్ అన్నావ్‌గా?" ఝాన్సీ ఇంకా నవ్వుతూనే ఉంది.

"అబద్ధం రాసిన అక్కా! సచ్చిపోత!"

ఝాన్సీ ఒక్క కేక పెట్టి ఆపించి, సంగతి ఇంగ్లీషులో చెప్పింది. అందరూ హడలిపోయి నిఖిలని రేవు చెక్కల మీద కూర్చోబెట్టారు. ఝాన్సీ మాత్రం వంతెన వైపే చూస్తోంది.

"నిఖిలా," అంది మెల్లగా తెలుగులో. "ఆ టర్న్..."

"నేనే అక్కా. కావాలనే."

మిగతా ఏడుగురికీ ఆ మాట అర్థం కాలేదు. ఝాన్సీ వాళ్లకి చెప్పలేదు. తన తెడ్డు తీసుకుని, వెనక్కి చూడకుండా గట్టెక్కి వెళ్లిపోయింది.

ఏడుగురూ నిఖిల చుట్టూ చేరారు. పిచ్చిదానా, ముందే చెప్పొచ్చుగా, అన్నారు. సోమవారం నుంచే కాలేజీ పూల్‌లో మేమే నేర్పిస్తాం, వచ్చే ఏడు గెలుస్తాం, నువ్వే మా తొమ్మిదో మనిషివి, అంటూ ఒకర్ని మించి ఒకరు మాటిస్తున్నారు. నిఖిల వాళ్ల మధ్య కూర్చుని అన్నిటికీ తలూపింది.