బుగ్గమ్మ బండ

పాండురంగం పటేల్ అరుగు మీద కూర్చొని జేబులోంచి ఫోటో తీశాడంటే నాకు పారిపోవాలనిపించేది. ఆయన బామ్మర్ది మహేందర్ రైల్వే కాంట్రాక్టులు పట్టి, బొంబాయి మీదుగా ఆఫ్రికా చేరి, నైరోబీలో ఇల్లు కట్టిస్తున్నాడు. పునాది తీస్తే ఒక ఫోటో, గోడలు లేస్తే ఒక ఫోటో, కప్పు పడితే ఇంకో ఫోటో. తాండూరులో ఆయన బండల గనికి మేస్త్రీని కాబట్టి వచ్చిన ప్రతిదానికీ నన్ను పిలిపించేవాడు. నేను అరుగు కింద నిలబడి, మెడ చాచి చూసి, "మస్తుగున్నది పటేలా" అనాలి. అనకపోతే అనేదాకా చూపిస్తాడు.

"గీ గుంత ఏందో ఎర్కేనా మత్తయ్యా? ఇంటెన్క హౌజు. తాగెతందుకు కాదు, ఈత కొట్టెతందుకు!" అని ఓ రోజు పడీపడీ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మా వాడలో తాగడానికే బావి లేదు. పటేల్ ఇంటి ముందరి బావి దగ్గర మా ఆడవాళ్ళు గట్టుకు దూరంగా కుండలు పెట్టుకొని కూర్చోవాలి. ఆ ఇంటి పనిమనిషి యాదమ్మ తన పనులన్నీ తీరాక వచ్చి, నీళ్ళు తోడి పైనుంచి పోస్తుంది. మావాళ్ళు గట్టెక్కకూడదు, బొక్కెన ముట్టకూడదు. నా భార్య రాహేలమ్మ తల్లి బుగ్గమ్మ అలా ఎండలో కూర్చొని కూర్చొనే ఒక మధ్యాహ్నం పక్కకు ఒరిగిపోయింది. అప్పటికి ఆమె కుండలో చుక్క పడలేదు.

ఆమె పోయాక వాడంతా పట్టుబట్టి సొంత బావి మొదలుపెట్టాం. ఆ రోజు ఏ దేవుడు పూనాడో గానీ, "జాగ నాది, బండలు నా గనియి. కొట్టుకోండ్రి పో" అన్నాడు పటేల్. ఆదివారం ప్రార్థన కాగానే గనికి పోయేవాళ్ళం. ఇంటికొక బండ కొట్టి, ఆ ఇంట్లో చనిపోయినవాళ్ళ పేరు దాని మీద చెక్కేవాళ్ళం. "దూపతోని వోయిండ్రు. పేర్లన్న నీళ్ళల్ల ఉండనియ్యి" అన్నది రాహేలమ్మే. మొదటి బండ మీద బుగ్గమ్మ పేరు నేను చెక్కుతుంటే, చదువు రాని ఆ మనిషి పక్కన కూర్చొని ఒక్కో అక్షరాన్నీ వేలితో దిద్దింది.

బావిలో నీళ్ళు పడ్డాయి. ఇక లోపల బండలు పేర్చడమే మిగిలింది. ఆ వారమే వికారాబాదులో ప్రార్థన కూటాలు ఉంటే వాడంతా రైలెక్కి పోయాం. తిరిగొచ్చి చూస్తే గని అంచున బండల దొంతి లేదు.

"మహేందర్ హౌజుకు జల్ది బండలు గావాలన్నడు. బొంబాయిల ఓడ తయారున్నది. నున్నగ కొట్టినయి గవే ఉండె, ఎక్కిచ్చిన" అన్నాడు పటేల్, పక్కింట్లో పిడికెడు ఉప్పు అడిగి తెచ్చుకున్నంత తేలిగ్గా. "బండలకేం ఫికర్ రా? మల్ల కొట్టుకోండ్రి."

థూ! కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో లాక్కునే బతుకూ ఒక బతుకేనా? కొత్త బండలు సగం కొట్టకముందే వానలు దిగాయి. రాతి కట్టు లేని నల్లమట్టి జారిపోయి బావి పూడిపోయింది. మా ఆడవాళ్ళు మళ్ళీ కుండలెత్తుకొని పటేల్ గట్టు కిందికే చేరారు.

తర్వాతి ఎండాకాలం ఆఖరి ఫోటో వచ్చింది. ఆ రోజు పటేల్ అరుగు దిగి, నన్ను వెతుక్కుంటూ బావి దాకా వచ్చాడు. రాహేలమ్మతో పాటు మావాళ్ళంతా యాదమ్మ కోసం కాచుకొని ఉన్నారు.

"నీ పనితనం జూడు మత్తయ్యా! మీ అత్త పేరు ఆఫ్రికాకు వోయింది. తెల్లోళ్ళు గా రాతలు జూసి మస్తు ముచ్చటవడుతుండ్రంట!"

హౌజు నిండా నీళ్ళు. మహేందర్ పిల్లలు ఈదుతున్నారు. వాళ్ళ కుక్క కూడా మూతి పైకెత్తి ఈదుతోంది. దిగే మెట్టు మీద, బెత్తెడు నీళ్ళ కింద, నేను చెక్కిన అక్షరాలు. ఈసారి "మస్తుగున్నది" అనలేదు.

రాహేలమ్మ లేచి వచ్చి ఫోటో చూసింది. తల్లి పేరును గుర్తుపట్టింది.

"పటేలా, ఈత కొట్టంగ పిల్లలు గా నీళ్ళు మింగుతరా?"

"మింగరా మరి? పోరగాండ్లు గద!"

"మా అవ్వ పేరు కడిగిన నీళ్ళేనాయె."

పటేల్ నవ్వు సగంలోనే ఆగింది. అరుగు మీద నుంచి ఆయన భార్య ఇంద్రమ్మ కెవ్వుమంది. "ఏందీ? గీ వాడోళ్ళ బండలా గవి? సచ్చినోళ్ళ పేర్లా? అయ్యో, నా తమ్ముని పిల్లలు! పెరికి పారెయ్యుమని తమ్మునికి తార్ గొట్టుండ్రి!" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా బావి కూలినప్పుడు ఆ నోటి నుంచి ఒక్క అయ్యో రాలేదు.

"పెరికియ్యకమ్మా" అన్నది రాహేలమ్మ. "మైలవడేదుంటె ఎప్పుడో వడుదురు. పిల్లలు సల్లగనే ఉన్నరు గద."

అంటూనే కుండ చంకన పెట్టుకొని గట్టెక్కింది. అప్పుడే వచ్చిన యాదమ్మ చేతిలోంచి బొక్కెన తీసుకొని బావిలోకి వదిలింది. "ఏయ్" అన్నాడు పటేల్, ఫోటో ఇంకా చేతిలోనే ఉంది. గిరక కిర్రుమంటూ తిరిగింది. నిండు బొక్కెన పైకి వచ్చాక రాహేలమ్మ కుండ నింపలేదు. ముందు దోసిలి పట్టి, కడుపు నిండా తాగింది.