కొట్టంలో నడిమి కంబం

నేను ఒక రాతి కంబాన్ని. రాయి అంటే మొద్దని మీ లెక్క. ఎనభై ఏళ్లు ఒక ఇంటి బరువు మోసినదాన్ని, నా మాట కాస్త వినండి.

ఓబులప్ప తన చేని పక్క గుట్టలో నన్ను కొట్టించి, బండి మీద తెచ్చాడు. రాతి గోడల మట్టిమిద్దె కట్టాడు. ఒకే కప్పు కింద సగం మనుషులకు, సగం పశువుల కొట్టం. కొట్టం నడుమ నన్ను నిలబెట్టి, నా తల మీద పెద్ద దూలం ఆనించారు. ఎద్దులు మెడలు రుద్దుకున్న చోట ఇప్పటికీ నున్నగా ఉంటాను.

మిద్దె ఉరిసి కారకుండా ఏటా వానలకు ముందు పైన చవుడు మట్టి పోస్తారు. పాతది తీసి పోయాలి. తీసే ఓపిక ఎవరికుంది? పాతదాని మీదే కొత్తది పోశారు. ఏటేటా మిద్దె బరువెక్కింది, మోసింది మాత్రం నేను.

ఓబులప్ప పోయాక పశువులను ఆయన కోడలు సుంకమ్మ చూసుకుంది. ఆమె కొడుకు మద్దిలేటి ట్రాక్టరు కొన్నాడు. దాన్ని కొట్టంలో పెట్టాలంటే నేను అడ్డం. ముందు ఇనుప దూలం వేసి, ఆ తర్వాతే నన్ను తీయాలన్నాడు మేస్త్రీ. ఎనభై ఏళ్లు వెంట్రుకవాసి కదలని దూలం ఇప్పుడెందుకు కదులుతుందని మద్దిలేటి వాదించాడు. అన్నేళ్లు ఎందుకు కదల్లేదో మాత్రం అతనికి తట్టలేదు.

"దాన్ని తీయొద్దు నాయనా. మీ తాత ఊరికే నిలబెట్టలే" అంది సుంకమ్మ.

అతను వినలేదు. నన్ను పెరట్లో పడేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ ఏడు స్వాతి కార్తెలో మూడు రోజులు ముసురు పట్టింది. కొట్టం కారసాగింది. నాలుగో పొద్దున మద్దిలేటి ట్రాక్టరు తడుస్తుందని దాన్ని పక్కింటి రేకుల కిందికి తోలి, చవుడు గంపతో మిద్దెక్కాడు. ఆవుకు వేరే నీడ లేదు. సుంకమ్మ లోపల పాలు పితుకుతోంది. గంప వెనక గంప పడుతుంటే దూలం నడుము వంగడం పెరటి వాకిలిలోంచి చూశాను. ఒక్క కేక వేయగలిగితే చాలుననిపించింది.

ఏడో గంపకు దూలం విరిగింది. మద్దిలేటి కాలు విరిగి బతికాడు. తల్లినీ ఆవునూ సాయంత్రానికి మట్టిలోంచి తీశారు. ఊరంతా వానను తిట్టింది.

సుంకమ్మను చేలో పూడ్చారు. దినాలయ్యాక మద్దిలేటి నన్ను అక్కడికి మోయించి, ఆమె తలవైపు పాతించాడు.

"మళ్లా నిలబెడ్తాండానమ్మా" అన్నాడు కట్టుకాలితో పక్కన కూర్చుని.

బాగానే నిలబెట్టాడు. నిటారుగా ఉన్నాను. మోయడానికే ఏమీ లేదు.