బిగబట్టిన ఊపిరి

పెద్ద ఈరన్న నోట్లో గొట్టం ఉంది కాబట్టి వార్డు ఇంత ప్రశాంతంగా ఉంది. లేకపోతే ఆ మనిషి నోటికి తాళం వేయగలిగినవాళ్ళు బేతంచెర్లలో ఇంతవరకూ పుట్టలేదు. పాలిష్ బండలు లారీకెత్తే హమాలీలకు ఆయనే మేస్త్రి. ఆయన కేకేస్తేనే అందరూ ఒక్కసారిగా బండ లేపుతారు. అలాంటివాడు పేగుకు రంధ్రం పడి, కడుపంతా చీము పట్టి, కర్నూలు ఆసుపత్రిలో పొట్ట నిలువునా కోయించుకుని పడుకున్నాడు. ఆపరేషన్ అయిన దగ్గరనుంచీ ఊపిరంతా వెంటిలేటరుదే.

మత్తు తగ్గించాక తెలివి వచ్చింది. డాక్టర్ స్తుతి మంచం మీదికి వంగి నిదానంగా చెప్పింది.

"పెద్దాయనా, మిషన్ సాయం తగ్గిస్తాండాను. ఇంక గాలి మీరే లాగల్ల. బాగా లాగితే సాయంత్రానికి ఈ గొట్టం తీసేస్తాను. లేకుంటే గొంతు దగ్గర రంధ్రం చేసి ఆడ గొట్టం పెట్టాల్సొస్తుంది. అది ఉన్నన్నాళ్ళూ మాట కష్టం."

కేక లేని మేస్త్రి ఎవరికి కావాలి? ఎంత బరువైనా ఎత్తి చూపిస్తానన్నట్టు ఈరన్న తలూపాడు.

ఎత్తాడు కూడా, తనకు తెలిసిన పద్ధతిలో. బండ కింద చేతులు పెట్టగానే హమాలీ గుండెనిండా గాలి పట్టి, పొట్ట బిగించి, బరువు దించేదాకా ఊపిరి వదలడు. మీసాలు రాకముందు నుంచీ ఉన్న అలవాటు, ఆసుపత్రిలో మాత్రం ఎక్కడికి పోతుంది? ఒక్క గుక్క లాగి, పొట్ట బిగించి పట్టుకున్నాడు. మిషన్ తోసిన గాలిని లోపలికి రానివ్వడు, తన గాలిని బయటికి పోనివ్వడు. మిషన్ కీచుమని గోలపెట్టింది. స్తుతి తెరవంక చూసి నిట్టూర్చి, మళ్ళీ సాయం పెంచింది. ఇంకోసారి ప్రయత్నించినా అదే గోల.

"బిగబట్టొద్దు, వదలండి" అని ఆమె ఎంత చెప్పినా, వదిలితే కుట్లు పుటుక్కున తెగుతాయని ఆయన భయం. ఆ భయం చెప్పడానికి నోరు లేదు. పొట్ట చూపిస్తే, నొప్పి అనుకుని నర్సు మందు తెచ్చింది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

రోగుల్ని చూడనిచ్చే వేళకు భార్య రామేశ్వరమ్మ లోపలికొచ్చింది. డాక్టరు చెప్పిందంతా విని, మొగుడి పొట్ట వంక, బిగిసిన దవడల వంక చూసింది.

"ఏమయ్యా, ఈడ కూడా బండ ఎత్తుతాండావా? ఎవురు ఎత్తమన్యారు నిన్ను? కుట్లు తెగుతాయనా ఏంది?"

ఈరన్న గబగబా తలూపాడు. ఎట్టకేలకు ఒకరికి అర్థమైంది.

"అదా మీ భయం" అంది స్తుతి. ఒక దుప్పటి మడతపెట్టి కుట్లమీద ఉంచి, రామేశ్వరమ్మ అరచేతులు దానిమీద ఆనించింది. "ఇట్లా మెత్తగా పట్టుకోమ్మా. కుట్లకు ఏమీ కాదు."

"విన్యావా? కుట్లు నేను పట్టుకుంటా. నువ్వు గాలి సంగతి చూసుకో. లాగు, వదిలెయ్. మళ్ళా లాగు."

లాగాడు. పొట్టలో నిప్పు పెట్టినట్టయింది. బిగబట్టమని ఒళ్ళంతా మొత్తుకుంది. ఆయన వినలేదు, వదిలాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ లాగాడు. మధ్యలో పాత అలవాటు తిరగబడి పొట్ట బిగిసింది, మిషన్ అరిచింది. రామేశ్వరమ్మ చేతులు కదల్లేదు. ఈరన్న ఆ చేతుల బరువు చూసుకుంటూ మొండిగా లాగాడు, వదిలాడు. ఊరంతా తిట్టిపోసిన మొండితనమది. స్తుతి సాయం తగ్గిస్తూ పోయింది. ఈసారి మిషన్ నోరు మూసుకుంది.

పొద్దు వాలే వేళకు గొట్టం తీశారు.

"దగ్గండి" అంది స్తుతి. గట్టిగా దగ్గాడు. నొప్పికి మంచం కమ్మీ పట్టుకున్నాడు గానీ ఊపిరి బిగబట్టలేదు.

"శానా బాగుంది, చాలు. ఇంక పడుకోండి."

ఈరన్న తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ దగ్గబోతున్నట్టు పెళ్ళాం చేతులు పట్టి పొట్టమీదికి లాక్కున్నాడు. ఆపరేషన్ తర్వాత మొదటి మాట, బొంగురుగా, డాక్టరుకు కూడా సరిగా వినబడనంత చిన్నగా వచ్చింది.

"ఇంగోసారి."