తొమ్మిది ఫోన్లకు ఒకటే పేరు

ఉదయం పది గంటల టీ వేళ లాండ్రీలో ఉన్న ఎనిమిది ఫోన్లూ ఒక్కసారే మూగబోయాయి.

మొదట గమనించింది గంజక్క. హోటళ్ల బల్లగుడ్డలకు గంజి కలపడం ఆమె పని, చివరికి అదే పేరైపోయింది. చేతులు తుడుచుకుని చూస్తే ఫోన్‌లో ఒక్క గీత కూడా లేదు. ఆపి మళ్లీ వేసింది. అరచేతిలో కొట్టింది. సిమ్ము తీసి, ఊది, కొంగుతో తుడిచి పెట్టింది. ఊహూఁ.

"నాదీ చచ్చిందే!" అంది మడతల వదిన.

"నాదీనూ. పొద్దున మా ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన ఉసురే మనందరికీ కొట్టినట్టుంది" అంది ఇంకొకామె.

అందరూ నవ్వారు. గంజక్కకు మాత్రం నవ్వు రాలేదు. పన్నెండింటికి ఆమె చెల్లెలు చిట్టి విమానం దిగుతుంది. ఊరి నుంచి ఈ పరాయి దేశానికి, అదే లాండ్రీలో పనికి వస్తోంది. "దిగగానే అక్కడ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు చీటీ చూపించి నాకు ఫోన్ చేయించు. నా గొంతు వినేదాకా ఎవరి వెంటా అడుగు వెయ్యకు" అని పదిసార్లు చెప్పింది. ఊరికే చెప్పలేదు. కిందటేడు పక్కగదికి రావలసిన పిల్ల, "కంపెనీ బండి మాదే" అన్నవాళ్ల వెంట వెళ్లిపోయింది. ఇరవై రోజులు ఆమె ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. దొరికాక కూడా ఆ పిల్ల ఇదివరకటి పిల్ల కాదు.

చీటీ మీద ఉన్నది ఈ చచ్చిన నంబరే.

అడిగితే సూపర్‌వైజరమ్మ పంపదు. అందుకని గంజక్క అడగకుండానే, తడి చేతులతోనే రోడ్డు దాటి సిమ్ముల కొట్టుకు పరిగెత్తింది. కొట్టాయన తెలుగాయనే. గంజక్కతో ఒకే గదిలో ఉండే లాండ్రీవాళ్లు తొమ్మిదిమందికీ సిమ్ములిచ్చింది ఆయనే, తొమ్మిదీ వాళ్లందరిలోకీ పెద్దదైన పెద్దమ్మ పేరునే. మిగతావాళ్ల గుర్తింపు కార్డులు కంపెనీ బీరువాలో ఉండిపోయాయి. పెద్దమ్మ ఒక్కతే మొదట మేనేజరుగారింట్లో వంటకు కుదిరి, తరవాత లాండ్రీకి వచ్చింది కాబట్టి ఆమె కార్డు ఆమె దగ్గరే ఉంది. పండగ శుభాకాంక్షలొచ్చినా, డబ్బు వెయ్యమని హెచ్చరికలొచ్చినా తొమ్మిది ఫోన్లకూ పెద్దమ్మ పేరునే వచ్చేవి. "పెళ్లయితే ఇంటిపేరే మారింది, ఇక్కడికొస్తే అసలు పేరే పోయింది" అని మడతల వదిన అంటూ ఉండేది.

కొట్టాయన నంబరు కొట్టి చూశాడు. "రద్దయిందమ్మా. తొమ్మిదీ రద్దయ్యాయి."

"ఎవరు చేశారు?"

"పేరున్నావిడే. పొద్దున కొట్టు తియ్యగానే వచ్చి వేలిముద్ర వేసింది. దేశం విడిచి వెళ్లేవాళ్లు తమ పేరున ఉన్నవి తీసేయించుకోవాలి కదా."

"దేశం విడిచి ఎవరు వెళుతున్నారు?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "మీకు చెప్పలేదా?"

గంజక్క తల అడ్డంగా ఊపింది.

"తనదొక్కటే పోతుందనుకుందమ్మా పాపం. తొమ్మిదీ పోయాయి అనగానే ఆ స్టూలు మీద కూలబడింది. 'మళ్లీ ఇప్పించు నాయనా, గంజక్క చెల్లెలు ఇవాళే దిగుతోంది' అని నా చేతులు పట్టుకుంది. పోయిన నంబరు నేనెక్కణ్ణుంచి తెచ్చేది?"

గది పక్కసందులోనే. తలుపు తోసి చూసింది. పెద్దమ్మ పరుపు చుట్టి ఉంది. దాని మీద దుప్పటి, ఇస్త్రీ చేసి, అంచుకు అంచు కలిపి మడత పెట్టి ఉంది. మంచం కింద పెట్టె లేదు. తెల్లవారుజామున అందరూ పనికి బయలుదేరుతుంటే "మోకాలు పీకుతోంది, మీరు పదండి, నేను వెనకాలే వస్తా" అంది ఆ మనిషి. ఆరేళ్లు పక్క పక్క మంచాల మీద పడుకున్న మనిషి! ఎవరు ఊరెళ్తున్నా ఆవిడ స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకునేది, వాళ్లు గడప దాటేదాకా బయటికొచ్చేది కాదు. తన వంతొస్తే ఏం చేస్తుందో ఎవరూ ఆలోచించలేదు.

రెండు బస్సులు మారి విమానాశ్రయం చేరేసరికి ఒంటిగంట దాటింది. గాజు తలుపులు తెరుచుకోగానే గంజక్క కళ్లు జనం మీద కాదు, పెట్టెల మీద పరుగెత్తాయి. తాను కట్టమన్న ఆకుపచ్చ తాడు కోసం వెతికాయి. కనబడింది. తాడు కట్టిన పెట్టె, దాని మీద ముడుచుకుని కూర్చున్న చిట్టి.

"అక్కా!" చిట్టి లేచి మీద పడింది. "నువ్వేనా? నిజంగా నువ్వేనా?"

"నేను కాక ఎవరే?"

"నీ నంబరుకు ఆరుసార్లు చేయించా. అసలా నంబరే లేదట! నీకేమయిందో అని నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంతలో ఇద్దరు మగాళ్లొచ్చి, కంపెనీ బండి వచ్చింది రమ్మని పెట్టె కూడా ఎత్తేశారు. ఇక్కడే చచ్చేకంటే నయమని లేచా. అప్పుడు వెనక నుంచి నువ్వు కేకేశావు."

"నేనా?"

"నీ గొంతే! 'ఒసేయ్ చిట్టీ, తిన్నావా? తిన్నానంటే కాదు, ఏం తిన్నావో చెప్పు. అబద్ధమాడితే నా ముక్కు దురద పెడుతుంది' అని. తిరిగి చూస్తే ఎవరో ముసలావిడ! నా ఒళ్లు జలదరించింది."

గంజక్క పెట్టె మీద కూలబడింది. ఒకే గదిలో తొమ్మిది మంచాలు. ఒకరి ఫోన్ మాటలు మిగతా ఎనిమిదిమందికీ కంఠతా వచ్చు. పెద్దమ్మకు ఫోన్లొచ్చేవి కావు. మిగతావాళ్లవి విని, ఒక్కొక్కరి గొంతూ దించేసి, అందరినీ కడుపుబ్బ నవ్వించేది.

"ఆవిడ పెట్టె లాక్కుని వాళ్లను తరిమేసింది. 'మీ అక్క వచ్చేదాకా లేచావో, కాళ్లు విరగ్గొడతా' అని నా పక్కనే కూచుంది. ఆ తలుపులోంచి నువ్వు రావడం చూసి, 'అదుగో' అని చూపించి, పెట్టె ఈడ్చుకుంటూ అటు వెళ్లిపోయింది. ఎవరక్కా ఆవిడ?"

చిట్టి చూపించినవైపు పెద్ద గాజు గోడ. అవతల లోపలికి వెళ్లేవాళ్ల వరస. ఆ వరసలో తెల్లజడ, కుంటుతున్న మోకాలు.

"పిలువక్కా!"

"పోయేవాళ్లను వెనక నుంచి పిలవకూడదే" అంది గంజక్క. "ఇల్లు చేరాక ఫోన్ చేస్తాలే."

ఆ మాట అంటూ చేతిలో ఫోన్ చూసుకుంది. పెద్దమ్మ అని ఉంది. కింద నంబరుంది. తొమ్మిదింట్లో ఒకటి. ఇంకో నంబరు లేదు. ఊరి పేరు కూడా లేదు. ఏ ఊరని అడిగితే "దూరంలే" అనేది. ఆ మాటకే అందరూ తృప్తిపడ్డారు. ఫోన్ ఉందిగా అనుకున్నారు.

గంజక్క శకునాన్ని గంగలో కలిపింది. రెండు చేతులతో గాజును బాదింది. "పెద్దమ్మా! ఓ పెద్దమ్మా!"

వరసలో అందరూ తిరిగారు. అందరికంటే చివర పెద్దమ్మ తిరిగింది. తడిసిన ముఖం. అక్కాచెల్లెళ్లిద్దరినీ మార్చి మార్చి చూసి, తల ఊపింది. వెనకవాళ్లు ముందుకు తోస్తుంటే, గుమ్మంలో ఎవరైనా చేసే సైగే చేసింది. బొటనవేలు చెవికి, చిటికెనవేలు నోటికి. ఫోన్ చేస్తాలే.

ఏ నంబరుకు?

ఇద్దరికీ ఒక్కసారే తట్టినట్టుంది. గాజుకు ఇవతల గంజక్క చేతులు గాజు మీదే ఉండిపోయాయి. అవతల ఆ చెయ్యి చెవి దగ్గరే ఆగిపోయింది.