ఏగ్నెస్ వినని కథ

నేను ఒక లైబ్రరీ కార్డుని. కెనడాలోని విన్నిపెగ్‌లో, ఒక చిన్న గ్రంథాలయంలో, సత్యవేణి పేరు మీద పుట్టాను. ఆమె తుని నుంచి వచ్చి అప్పటికి నెలన్నర. భర్త గోడౌను పనికి వెళ్ళిపోతే పలకరించే మనిషి లేక, ఒకనాడు చలికి తాళలేక లోపలికి వచ్చింది. ఇంటి చిరునామా ఉన్న ఉత్తరం ఒక్కటి చూసి, ఏగ్నెస్ అనే పెద్దావిడ నన్ను ఆమె చేతిలో పెట్టింది.

సత్యవేణి నమ్మలేదు. "ఊరూ పేరూ తెలీని నాకు పుస్తకాలు ఎలా ఇచ్చేత్తారండీ?" అని భర్తను అడిగి, నన్ను పాస్‌పోర్టు పక్కన దాచింది. వాడుకోమని ఇచ్చినదాన్ని దాచుకోవడం మనుషులకు అలవాటే.

ఏగ్నెసే పట్టుబట్టి బొమ్మల పుస్తకాలు ఇచ్చి పంపింది. మంగళవారాలు పదిమందిలో కూర్చోబెట్టి ఇంగ్లీషు మాట్లాడించింది. మంచు కరిగేసరికి సత్యవేణి తప్పులతోనే గలగలా మాట్లాడసాగింది.

"ఇక్కడి పిల్లలకు మీ భాషలో ఒక కథ చెప్పమ్మా. అర్థం కాకపోయినా వింటారు" అంది ఏగ్నెస్.

"వచ్చే వారం చెప్తానండి."

అలా నాలుగు వారాలు గడిచాయి. చివరికి ఏగ్నెస్ వచ్చే మంగళవారం కథ అని ఆమె పేరుతో రాసి తలుపుకి కాగితం అంటించింది.

ఆ మంగళవారం సత్యవేణి ఎదుటి బస్‌స్టాప్ దాకా వచ్చి ఆగిపోయింది. అద్దాల వెనక పిల్లలు, వాళ్ళ ముందు ఖాళీ కుర్చీ, వీధివైపే చూస్తున్న ఏగ్నెస్. చేతిలో ఉన్న నన్ను సంచిలోకి తోసేసింది. ఇంటివైపు బస్సు వస్తే ఎక్కేసింది.

సిగ్గుతో నెలరోజులు అటు వెళ్ళలేదు. వెళ్ళేసరికి కౌంటరులో రామిల్ అనే కొత్త యువకుడు ఉన్నాడు.

"ఆవిడ రిటైరై చెల్లెలి ఊరు వెళ్ళిపోయారండీ. మీకోసం గంటసేపు చూశారట. పాపం, బస్సు దొరకలేదేమోనని పిల్లలకు సర్దిచెప్పారట."

"దొరికిందండి" అంది సత్యవేణి, తెలుగులో. అతనికి అర్థం కాలేదు.

తర్వాతి మంగళవారం ఆమె కథ చెప్పింది. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఐదు నిమిషాలైనా పట్టలేదు.

ఆ సంగతే ఏగ్నెస్‌కు ఉత్తరం రాసింది. బస్సు మాట దగ్గర రెండుసార్లు కొట్టివేసి, మూడోసారి ఉన్నదున్నట్టు రాసింది. రామిల్‌ని అడిగి చిరునామా కూడా తెచ్చుకుంది.

గడువు తీరి నేను పనికిరాకుండా పోయి రెండేళ్ళయింది. బీరువాలో నా పక్కనే ఆ కవరు ఉంది. స్టాంపు కూడా అంటించింది. పోస్టు చేయలేదు.