చలవ చేస్తుందని

పొద్దున్నే దించిన తాటికల్లును పద్మావతమ్మ పల్చని గుడ్డలో వడగట్టి స్టీలు క్యానులో పోసింది. ఇబ్రహీంపట్నంలో ఉన్న కూతురు శ్రీదుర్గకు నాలుగో నెల. ఎండెక్కకముందే బస్సెక్కాలని ఆవిడ తొందర.

కోడలు ఉషశ్రీ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నిన్న కొడుకు కిరీటిని విజయవాడలో పిల్లల డాక్టరమ్మకు చూపించి వచ్చినప్పటి నుంచి ఆమెకు అన్నం సయించలేదు. వాడికి ఎనిమిదేళ్లు. నిన్న నేర్చుకున్న అంకెలు ఇవాళ గుర్తుండవు. చిన్న మాటకే చేతికందింది విసిరికొడతాడు. మొండిఘటమని ఇంట్లో అందరూ కొట్టినవాళ్లే, ఉషశ్రీతో సహా. డాక్టరమ్మ వాడి చిన్న తలనూ పల్చటి పైపెదవినీ పరీక్షగా చూసి, కడుపుతో ఉన్నప్పుడు మందేమైనా తాగావా అని అడిగింది. లేదంది ఉషశ్రీ. "మరి కల్లు?" అని అడిగితే, రోజూ తాగానంది. కల్లు కూడా మందేనని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఒంటికి చలవ, బిడ్డ పండులా పుడతాడని అత్తగారే రోజూ గ్లాసు అందించేది.

"అత్తయ్యా, అది తీసుకెళ్లొద్దు."

"ఏం, పులిసిందా? ఇప్పుడేగా దించింది."

"పొద్దుటిదైనా అందులో మత్తుంటుందట. తల్లి తాగితే బిడ్డ మెదడు దెబ్బతింటుందట. మనవాడికి జరిగింది అదేనంటున్నారు."

పద్మావతమ్మ నవ్వింది. "మూడు కాన్పులకూ తాగాను. మీ ఆయన ఇంజనీరు కాలేదూ? డాక్టరుకు ఫీజిచ్చి మరీ నా మీద నింద కొనుక్కొచ్చావా?"

"అందరికీ అలా అవదట. ఎవరికవుతుందో ముందు తెలీదట."

"అంటే వాణ్ణి నేను పాడుచేశానంటావు."

లేదని చెప్పడానికి ఉషశ్రీ నోరు తెరిచింది. చెబితే క్యాను బస్సెక్కుతుంది.

"మీరు ప్రేమగానే ఇచ్చారు. తాగింది నేను. అప్పుడు మనకు తెలీదు. ఇప్పుడు తెలిసింది కదా, అత్తయ్యా."

పద్మావతమ్మ అరుగు మీద కూలబడింది. కిరీటి వచ్చి, "నానమ్మా, నేనూ వస్తా" అంటూ ఆవిడ చెయ్యి పట్టి ఊపాడు. వాడి తల నిమరబోయి ఆవిడ ఆగిపోయింది. ఫోను తీసి కోడలికిచ్చింది.

"దానికి నువ్వే చెప్పు. నా నోట రాదు."

అంతా విన్నాక శ్రీదుర్గ అంది, "అమ్మ పోయిన నెల నుంచీ తెస్తూనే ఉంది వదినా. తాగేశాను కదా, ఇప్పుడేం చెయ్యను?"

"ఇంక ముట్టుకోకు. ఎప్పుడు మానితే అప్పట్నుంచి మేలేనంది డాక్టరమ్మ. మీ డాక్టరుగారికి దాచకుండా చెప్పు."

"మరి కిరీటికో?"

"నయమయ్యేది కాదట. ఒకసారికి ఒక్క పనే చెప్పాలట. రోజూ అదే వేళకు అదే పని చేయించాలట. కొట్టకూడదట."

అవతల ఏడుపు మొదలైంది. ఉషశ్రీ స్పీకరు నొక్కి ఫోను అరుగు మీద పెట్టింది. పద్మావతమ్మ దాని మీదికి వంగింది.

"ఏడవకే అమ్మాయ్. కడుపులో బిడ్డకు మంచిది కాదు" అంది చివరికి. అన్నాక ఆ మాట తనకే వినబడినట్టుంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.