మేడ మీది పచ్చ తొట్లు

శుక్రవారం విందుకి గోధుమరవ్వ కుస్కుస్‌ను రెండోసారి ఆవిరికి పెట్టి బతూల్ మేడ మీదికి వెళ్లింది. తొట్లు తళతళలాడుతున్నాయి. తను పెంచే నాచుతో నిన్నటిదాకా చిక్కటి పచ్చగా ఉన్న నీళ్లు లేవు. గాలి నిండా జావెల్ బ్లీచ్ ఘాటు.

"చుట్టాలొచ్చే పూట ఆ పాచేంటమ్మాయ్! నడుం విరిగేలా తోమాను," అంది అత్తగారు లల్లా రుకయ్యా, మెట్ల మీద మోకాళ్లు ఒత్తుకుంటూ. ఆమె ముఖంలో మెప్పు కోసం ఎదురుచూపు తప్ప ఇంకేమీ లేదు. ఇల్లు జావెల్ వాసన వస్తేనే కోడలికి పరువని నమ్మే మనిషి.

బతూల్ గోడకు చేరగిలబడింది. పుట్టిన ఊరు ఫెజ్‌లో నాన్న తోళ్లు పదునుచేసేవాడు. సాయంత్రం ఆయన రాగానే గుమ్మంలో తనే చెంబుతో ఆయన చేతులకి నీళ్లు పోసేది. మోచేతుల దాకా నీలం. పావురాల రెట్ట, సున్నం వాడిన రోజుల్లో ఆ రంగు లేదట, క్రోమియం వచ్చాకే. "రుద్దవే తల్లీ, ఎలాగూ పోదులే," అని నవ్వేవాడు. తోళ్లు ఊరిన నీళ్లు పోయే కాలవలో దోమ కూడా బతికేది కాదు. ఎండ తగిలే గోడ వారన మాత్రం కాస్త నాచు ఉండేది. గోటితో గీకేది. "ఆ చేత్తో రొట్టె ముట్టుకున్నావో!" అని లోపలినుంచి అమ్మ అరుపు.

పెద్దయ్యాక ల్యాబులో చేరి, ఆ నాచునే తెచ్చి పెంచింది. కాలవ నీళ్లు ఒక్కసారిగా పోస్తే చచ్చిపోతుంది. కొంచెం పోసి, అది తట్టుకున్నాక ఇంకొంచెం. అలా ఏళ్లు పట్టింది. నాచు క్రోమియాన్ని తాగేస్తుంది, ఎండబెట్టి కాలిస్తే బూడిదలో ఆ లోహం మిగులుతుంది, మళ్లీ తోళ్లకే పనికొస్తుంది. సోమవారం ఫెజ్ తోళ్లవాళ్ల మడుగులో దాన్ని వదిలి చూపించాలి.

"నాచే కదా, మళ్లీ మొలుస్తుంది. జ్వరమని వాళ్లకి ఫోన్ చేసెయ్. అమ్మ పెద్దావిడ, కాస్త ఓర్చుకో," అన్నాడు భర్త అబ్దుల్‌హక్, విషయం విని.

ఓర్చుకో. పెళ్లైన కొత్తలో, ల్యాబులో మధ్యాహ్నం దాకే ఉండమన్నప్పుడూ ఆ మాటే. శుక్రవారాలు మానెయ్యమన్నప్పుడూ అదే. "అసలు ల్యాబెందుకు, మేడ మీద పెంచుకో, ఎవరొద్దన్నారు?" అన్నప్పుడూ అదే. ఎప్పుడూ ఒక్కసారిగా పోయలేదు. తను తట్టుకున్నాక ఇంకొంచెం.

కిందికి వెళ్లి కుస్కుస్ పళ్లెంలో గోపురంలా పోసి, కూరలు పేర్చి, అందరికీ పెట్టింది. అందరూ లేచాక సంచి సర్దుకుంది.

"ఉత్త చేతులతో వెళ్లి ఏం చూపిస్తావ్?" అన్నాడతను.

"నాచు ఆ కాలవ గోడ మీదే ఉంది. అక్కడే మళ్లీ మొదలుపెడతాను."

"ఎప్పుడొస్తావ్?"

బతూల్ చెప్పులు వేసుకుంది. "నాచుకి ఎంత పొయ్యాలో ఇన్నాళ్లూ నేను చూసుకున్నాను. నాకెంత పొయ్యాలో మీరు చూసుకున్నారు. ఇక రెండూ నేనే చూసుకుంటాను."